ఓపల్ అమ్మనన్న పిస్తోలు

జనవరిలో ఆ గురువారం పొద్దున ఓపల్ టాకెట్ తన దుకాణం తెరవడానికి వచ్చేసరికి జనం అప్పటికే వరస కట్టి నిలబడి ఉన్నారు. వరస గోడ వెంబడి సాగి, మంగలి దుకాణం దాటి, మలుపు దగ్గరున్న పెట్రోలు బంకు దాకా పోయింది. సన్నగా మంచు రాలుతోంది. మడత కుర్చీలు తెచ్చుకున్న ముసలివాళ్ళు దుప్పట్లు కప్పుకుని కూర్చున్నారు. ఎవరో ఫ్లాస్కులోంచి కాఫీ వంచి ముందువాళ్ళకీ వెనకవాళ్ళకీ అందిస్తున్నారు. దూరం నుంచి చూస్తే తిరనాళ్ళలా ఉంది గానీ ఎవరి మొహంలోనూ నవ్వు లేదు.

అమెరికాలో కెంటకీ రాష్ట్రపు కొండల నడుమ పైనీ ఫోర్క్‌లో జనవరి నెలంటే తుపాకుల దుకాణానికి నిద్రపోయే కాలం. జింకల వేట అయిపోతుంది. రోజుకి ముగ్గురు మనుషులు వస్తే గొప్ప. ఓపల్ పొయ్యి పక్కన కూర్చుని అల్లిక చేసుకునేది. ఆ ఏడు అలా లేదు. అంతకు ముందు నెలలో ఎక్కడో దూరాన ఇంకో రాష్ట్రంలో, ఒక బడిలో ఎవడో తుపాకీతో చొరబడి పిల్లల్ని కాల్చేసిన, తల్చుకుంటేనే గుండె జారిపోయే ఘోరం జరిగింది. ఆ ఏడుపులింకా చల్లారకముందే రాజధానిలో కొత్త చట్టం మాట లేచింది. ఏ తుపాకులు ఆపుతారో, తూటాల మీద ఏ ఆంక్ష పెడతారో ఎవరికీ సరిగ్గా తెలియదు. తెలియకపోవడం వల్లే భయం ఇంతింతైంది. ఇప్పుడు కొనకపోతే ఇక ఎప్పటికీ కొనలేమన్న మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పాకి, వారం తిరక్కుండా గోడలకున్న రైఫిళ్ళు సగానికి సగం దిగిపోయాయి.

ఓపల్‌కి అరవై దాటాయి. బొగ్గు గని ఇళ్ళల్లో పుట్టి, పెళ్ళయ్యేదాకా మేజోళ్ళ ఫ్యాక్టరీలో పనిచేసి, ఆ తర్వాత మొగుడు కార్లిస్‌తో పాటు ఈ దుకాణంలో నిలబడింది. దుకాణం తెరవకముందు గనిలో పీల్చిన దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరి కార్లిస్ పోయాక, మరిది ఫెరెల్‌ని తోడు పెట్టుకుని తనే నడిపిస్తోంది. ఆవిడకి తుపాకులంటే పెద్ద మోజేమీ లేదు. మనుషులంటే ఉంది. ఎవరింట్లో ఎవరికి ఒంట్లో బాగాలేదో, ఎవరి కొడుకు పని కోసం ఊరొదిలి వెళ్ళాడో, కొనడానికి వచ్చినవాళ్ళని ముందు ఆ కబుర్లే అడిగేది.

ఆ రోజుల్లో కబుర్లకి తీరిక లేకపోయింది.

"మనిషికి రెండు డబ్బాలు. అంతే," అంది తలుపు తీస్తూ.

"మా ఇంట్లో ఆరుగురం ఉన్నాం, మిస్ ఓపల్," అన్నాడు వరసలో ముందున్నవాడు. ఆ ఊళ్ళో పెద్దావిడల్ని, పెళ్ళైనా సరే, మర్యాదగా మిస్ అనే పిలుస్తారు.

"ఆరుగురూ రండి. నిలబడండి."

"మా అత్తగారు మంచం మీద ఉంది కదా మరి."

"మంచం మీదున్నావిడకి తూటాలెందుకు నాయనా?"

"మా అత్త సంగతి నీకు తెలీదు. పడుకునుండే గురి చూస్తుంది."

నలుగురు నవ్వారు. ఆ నవ్వు గల్లా దాకా రాకముందే ఆగిపోయింది. చిన్న తూటాల అర దగ్గర ఇద్దరు ఒకే డబ్బా మీద చెయ్యి వేశారు. ఇద్దరూ ఒకే చర్చికి వెళ్ళేవాళ్ళు, ఒకరి పిల్లల్ని ఒకరు ఎత్తుకుని పెంచినవాళ్ళు. "వదులు," అన్నాడొకడు. "నువ్వొదులు," అన్నాడు రెండోవాడు. భుజం భుజానికి తగిలింది. డబ్బా చిరిగి తూటాలు నేల మీద గలగలా దొర్లాయి. తర్వాత ఓపల్ బల్ల వెనక నుంచి బయటికి వచ్చి, మోకాళ్ళ మీద కూర్చుని తనే తూటాలు ఏరసాగింది. అది చూసి ఆ ఇద్దరూ తలలు దించుకుని కిందికి వంగారు.

"ఇంతోటి దానికి రెండు డబ్బాల లెక్కెందుకు వదినా," అని ఫెరెల్ ఆవిడ చెవి దగ్గర విసుక్కున్నాడు. "అడిగినంత ఇచ్చేస్తే గొడవే ఉండదు. ఇలాంటి గిరాకీ మన జన్మలో మళ్ళీ రాదు."

"ఇప్పుడే కొట్టుకుంటున్నారు. ఉన్నదంతా ఒకడికిచ్చి రెండోవాణ్ణి ఉత్త చేతుల్తో పంపితే ఏమవుతుందో నువ్వు చూస్తావా?"

ఫెరెల్ ఫోను పట్టుకున్నాడు. తుపాకీ కొనే ప్రతి మనిషి పేరూ ఫోనులో చెప్పాలి. అవతలి కార్యాలయం వాళ్ళు అతని మీద నేరాలేమీ లేవని సరే అంటేనే అమ్మాలి. దేశమంతా ఒకేసారి ఎగబడటంతో ఆ లైను దొరకడం గగనమైపోయింది. మామూలప్పుడు కాఫీ చల్లారేలోగా వచ్చే జవాబు కోసం జనం మధ్యాహ్నం దాకా కాచుకు కూర్చుంటున్నారు.

హోబర్ట్ స్లోన్ లోపలికి రావడం ఓపల్ చూడలేదు. ఫెరెల్ ముందుకే వెళ్ళాడాయన. ముప్ఫై ఏళ్ళ పైచిలుకు ఆ కొండ దారుల్లో ఇంటింటికీ ఉత్తరాలు పంచిన మనిషి. వాన పడ్డా మంచు పడ్డా ఆయన బండి చప్పుడు వినిపించేది. భార్య ఐవలీ ఆ శీతాకాలం మొదలవకముందే, ఆకులు రాలే రోజుల్లో కన్నుమూసింది. చేతివేళ్ళు కీళ్ళనొప్పులతో వంకర్లు పోయాక తన వేట తుపాకులన్నీ మేనల్లుడికిచ్చేశాడని ఊరందరికీ తెలుసు.

"ఏం కావాలండీ హోబర్ట్ గారూ?" అని ఫెరెల్ తల ఎత్తకుండానే అడిగాడు.

"ఓ పిస్తోలు."

"ఏ రకం?"

"ఏదైనా ఫర్లేదు. ఉన్నదివ్వు."

ఫెరెల్ అద్దాల పెట్టెలోంచి ఒకటి తీసి, కాగితం నింపించుకుని, పేరు ఫోనులో చెప్పడానికి వరసలో పెట్టాడు. "తూటాలు రెండు డబ్బాలే ఇస్తోంది మా వదిన. ఇవ్వమంటారా?"

"డబ్బా అక్కర్లేదు బాబూ. విడిగా ఇవ్వరా, ఒకటో రెండో?"

ఫెరెల్ పకపకా నవ్వాడు. "విన్నారా? లోకమంతా డబ్బాలకి డబ్బాలు ఎత్తుకుపోతుంటే ఈయన చిల్లర అడుగుతున్నాడు."

వెనక నిలబడ్డ లోనీ కోంబ్స్ కూడా నవ్వాడు. కలప కోసే మనిషి లోనీ. గొంతూ పెద్దదే, మనసూ పెద్దదే. "మీరంతా సిగ్గు తెచ్చుకోవాలి. ఆయన్ని చూసి నేర్చుకోండి. హోబర్ట్ గారికి ఆశ లేదు. ఆశ లేని మనిషాయన."

వరసలో కొందరు అవునవునన్నారు. ఒకాయన టోపీ తాకి గౌరవం చూపించాడు. బల్లకి ఆ చివర ఎవరికో తూటాలు అందిస్తున్న ఓపల్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. ఆ మాటని లోనీ అన్న అర్థంలో ఆవిడ వినలేదు. తలతిప్పి చూసింది.

హోబర్ట్ పొయ్యి దగ్గర కుర్చీలో కూర్చున్నాడు. నున్నగా గడ్డం గీసుకున్నాడు. ఆదివారం చర్చికి వేసుకొచ్చే నల్ల కోటు వేసుకున్నాడు. దుకాణంలో మిగిలిన వాళ్ళందరి కళ్ళూ అరల మీద ఉన్నాయి, ఏది ముందు అయిపోతుందోనని. ఆయన మాత్రం దేన్నీ చూడటం లేదు. ఆ గుంపులో భయం లేని మొహం ఆయనదొక్కటే.

"మొన్న మా ఇంటికొచ్చాడు," అని లోనీ పక్కవాడికి చెబుతున్నాడు. "తన రంపం, ఆ మోటారు రంపం ఉందే, తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఉంచుకో లోనీ, నాకింక పనిలేదులే అన్నాడు. ఎవరిస్తారు ఈ రోజుల్లో?"

ఓపల్‌కి తన నాన్న గుర్తొచ్చాడు. ఆవిడకి పదహారేళ్ళప్పుడు గని మూతపడింది. ఆ ఏడు ఆయన తన పనిముట్లు ఒక్కొక్కటే ఇరుగుపొరుగుకి పంచిపెట్టాడు. ఎంత మంచివాడో అని ఊరంతా మెచ్చుకుంది. అమ్మ కూడా మురిసిపోయింది. ఆఖరికి గొడ్డలి ఇచ్చేసిన మర్నాడు ఆయన గని వెనక అడవిలోకి వెళ్ళాడు, తిరిగి రాలేదు.

బల్ల దాటి వచ్చి హోబర్ట్ పక్కన నిలబడింది. వెనక నుంచి ఎవరో "మిస్ ఓపల్, మా వంతు," అని పిలిచినా వినిపించుకోలేదు.

"డాలీ ఏదండీ? బండిలో వదిలొచ్చారా, ఈ చలిలో?"

డాలీ ఆయన కుక్క. ఉత్తరాల బండిలో పక్క సీటు దానిదే. అది లేకుండా ఆయన గడప దాటడు.

"రీవా దగ్గర దింపొచ్చాను." రీవా ఆయన చెల్లెలు.

"మళ్ళీ ఎప్పుడు తెచ్చుకుంటారు?"

ఆయన పొయ్యి వైపు చూశాడు. "దానికక్కడ బాగుంటుంది."

ఓపల్ ఇంకేదో అడగబోయింది. అంతలో ఫెరెల్ కేక వేశాడు. "హోబర్ట్ గారూ, అదృష్టవంతులు మీరు. మీది వచ్చేసింది. సరేనన్నారు." పిస్తోలు పెట్టె బల్ల మీద ముందుకి జరిపాడు.

ఓపల్ వెళ్ళి ఆ పెట్టె మీద చెయ్యి పెట్టింది.

"ఇది అమ్మను."

"ఏంటి?"

"హోబర్ట్ గారికి ఇది అమ్మను ఫెరెల్. లోపల పెట్టు."

ఫెరెల్‌కి అర్థం కాలేదు. "వదినా, వాళ్ళు సరేనన్నారు. కాగితం సరిగ్గా ఉంది. మనిషి మనకి తెలిసినవాడు. ఇంకేం కావాలి?"

"దుకాణం నాది. అమ్మనన్నాను."

మాట చిన్నగానే అంది గానీ దుకాణమంతా వినిపించింది. వెంటనే గొణుగుడు మొదలైంది. ఇంటి దగ్గర రాత్రింబవళ్ళు టీవీ ముందు కూర్చుని, తమ చేతిలోది ఎవడో లాక్కుపోతాడని వణుకుతున్న మనుషులు వాళ్ళు. కళ్ళ ముందే ఒక పెద్దమనిషికి, ఏ తప్పూ లేని మనిషికి, కాదన్నారు.

"రాజధాని వాళ్ళు చెయ్యకముందే నువ్వు మొదలెట్టావా ఓపల్?" అన్నాడొకడు.

"ఇవాళ ఆయనకి. రేపు మాకు."

"జీతం ఎంతిస్తున్నారమ్మా వాళ్ళు?"

"కార్లిస్ ఉంటే ఇలా జరిగేదా?" అన్నారెవరో వెనక నుంచి. ఆ మాట మాత్రం ఓపల్‌కి సూటిగా తగిలింది. మొహం ఎర్రబడింది. ఒక్క వాక్యంతో వాళ్ళందరి నోళ్ళూ మూయించగలదు. కానీ ఆ వాక్యం హోబర్ట్ స్లోన్‌ని ఊరి మధ్యలో నిలబెట్టి బట్టలూడదీసినట్టవుతుంది.

హోబర్ట్ లేచాడు. "పోనీలే అమ్మా. నీకెందుకు తలనొప్పి," అని టోపీ పెట్టుకుని, జనాన్ని తప్పించుకుంటూ తలుపు వైపు నడిచాడు.

"ఆగండాగండి హోబర్ట్ గారూ," అన్నాడు లోనీ. కోపంతో అతని మెడ నరాలు ఉబ్బాయి. "ఈవిడ అమ్మకపోతే కొంపలంటుకోవు. నా బండిలో నాదుంది. నాకు ఇంట్లో ఇంకోటుంది. నా సొంత వస్తువు మీకిచ్చుకోడానికి ఎవడి అనుమతీ అక్కర్లేదు. రండి."

ఇద్దరూ బయటికి వెళ్ళిపోయారు. తలుపు వెనక మంచుగాలి ఒక విసురు విసిరి ఆగింది.

ఓపల్ కోటు కూడా తీసుకోలేదు.

"ఎక్కడికి? వదినా, ఇంతమందిని పెట్టుకుని ఎక్కడికి?" అని ఫెరెల్ అరిచాడు.

"నేనొచ్చేదాకా ఏదీ అమ్మకు," అంటూనే ఆవిడ జనాన్ని మోచేతులతో తోసుకుంటూ బయటపడింది.

లోనీ బండి బంకు అవతల ఆగి ఉంది. మంచులో కాళ్ళు జారుతుంటే ఓపల్ పరుగులాంటి నడక నడిచింది. వెళ్ళేసరికి లోనీ ముందు సీటు మీదికి వంగి అర తెరుస్తున్నాడు. హోబర్ట్ తలుపు పట్టుకుని, చెయ్యి చాపకుండా, చాపబోతున్నట్టు నిలబడ్డాడు.

"లోనీ. తియ్యకు."

"నా వస్తువు నా ఇష్టం, మిస్ ఓపల్. మీ దుకాణంలో మీ మాట చెల్లుతుంది. ఇది రోడ్డు."

ఓపల్ అతనితో వాదించలేదు. వాళ్ళిద్దరి మధ్యకీ వెళ్ళి, హోబర్ట్ మొహంలోకి చూసింది. చలికో భయానికో పళ్ళు టకటకలాడుతున్నాయి.

"హోబర్ట్ గారూ, చచ్చిపోదామనుకుంటున్నారా?"

లోనీ చెయ్యి అరలోనే ఉండిపోయింది.

హోబర్ట్ కాదనలేదు. ఆయన టోపీ అంచు మీద, భుజాల మీద మంచు పేరుకుంటోంది. "ఇంటి తాళం చెవి గుమ్మం దగ్గర చాప కింద పెట్టొచ్చాను. వచ్చినవాళ్ళు తలుపు బద్దలుకొట్టే పని లేకుండా."

లోనీ అర మూసేశాడు. మూసి తాళం వేశాడు. ఆ తాళం చెవి ఏం చెయ్యాలో తెలియక అటూ ఇటూ చూసి ఓపల్ చేతిలో పెట్టాడు. బండి మెట్టు మీద కూలబడ్డాడు. "రంపం ఇచ్చాడు నాకు," అన్నాడు. "థాంక్సండీ అని పట్టుకుపోయాను. ఎందుకిస్తున్నారని కూడా అడగలేదు."

"నా బండెక్కండి," అంది ఓపల్ హోబర్ట్‌తో.

"వద్దు."

"రీవా దగ్గరికి వెళ్దాం."

"నన్నొదిలెయ్ ఓపల్." అంతవరకూ నిదానంగా ఉన్న గొంతు ఒక్కసారిగా పగిలింది. "పొద్దున లేస్తే ఆ ఇంట్లో ఎలా ఉంటుందో నీకేం తెలుసు? నన్నాపడానికి నీకెవరిచ్చారు హక్కు?"

"ఎవరూ ఇవ్వలేదు."

"మరి?"

"మీకు నామీద ఎంత కోపమైనా రానివ్వండి. బండి మాత్రం ఎక్కండి."

ఆయన కదల్లేదు. ఆవిడా కదల్లేదు. దుకాణం గుమ్మంలోకి జనం వచ్చి నిలబడి చూస్తున్నారు. "ఓపల్, మా సంగతేంటి? ఎంతసేపు?" అని ఒకడు కేకేశాడు. ఆవిడకి ఆ క్షణాన హోబర్ట్ తన సొంత బండెక్కి వెళ్ళిపోతే ఏం చెయ్యాలో తెలియలేదు. పైనీ ఫోర్క్ దాటితే ఇంకో రెండు దుకాణాలున్నాయి. అక్కడా ఇలాంటి వరసే. అక్కడ ఎవరికీ తల ఎత్తి చూసే తీరికుండదు.

అప్పుడు లోనీ లేచాడు. "నేను నడుపుతానండీ," అన్నాడు మెల్లగా. పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో. "మీరు మధ్యలో కూర్చోండి. మీరేం మాట్లాడక్కర్లేదు."

ఆ మాటకో, చలికి కాళ్ళు మొద్దుబారో, హోబర్ట్ ఓపల్ బండి వైపు నడిచాడు.

ముగ్గురూ ఒకే సీటులో ఇరుక్కుని వెళ్ళారు. రీవా ఇంటి ముందు ఆగేసరికి డాలీ అరుస్తూ వచ్చి ఆయన కోటు మీదికి ఎగబడింది. రీవా పిండి చేతుల్తో బయటికి వచ్చి, ముగ్గురి మొహాలూ చూసి, అడక్కుండానే గుమ్మానికి ఆనుకుంది. సంగతంతా విన్నాక గట్టిగా ఏడవలేదు. చేతులు కడుక్కుని, కోటు వేసుకుని, "పద అన్నయ్యా, డాక్టరు దగ్గరికి పోదాం," అంది. పక్క ఊరి ఆసుపత్రిలో ఆయన్ని చేర్చుకునేదాకా లోనీ వసారాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాడు. ఓపల్ వొళ్ళో డాలీ పడుకుంది. కుక్కని లోపలికి రానివ్వకూడదన్న నర్సు కూడా ఆవిడ మొహం చూసి ఊరుకుంది.

సాయంత్రం దుకాణానికి తిరిగొస్తే అరలు ఊడ్చిపెట్టినట్టు ఖాళీగా ఉన్నాయి. గోడకి ఒక్క తుపాకీ లేదు.

"అమ్మొద్దన్నాను కదా."

"నువ్వెళ్ళిపోయావు. జనం తలుపు విరగ్గొట్టేలా ఉన్నారు. నేనమ్మేశాను," అన్నాడు ఫెరెల్. "అడిగినవాడికి అడిగినంత ఇచ్చాను. ఏం చేస్తావో చెయ్యి."

ఆవిడకి వాదించే ఓపిక లేదు. ఒక్కటే అడిగింది. "మొహాలు చూశావా?"

"ఏ మొహాలు?"

ఓపల్ దీపాలార్పి ఇంటికెళ్ళింది. నెల తిరిగాక ఫెరెల్ వేరే బేరం చూసుకున్నాడు. వారాంతపు సంతలో సొంతంగా బల్ల పెట్టాడు. ఇద్దరి మధ్యా మాటలున్నాయి గానీ, ముందున్నట్టు లేవు.

ఊరు ఆవిణ్ణి అంత తేలిగ్గా వదల్లేదు. ప్రభుత్వం మనిషన్నారు. కొందరు దుకాణం ముందు నుంచి పోతూ కావాలని మొహం తిప్పుకునేవాళ్ళు. మంగలి దుకాణంలో ఆవిడ మీద జోకులు పుట్టాయి. కారణం చెబితే ఒక్క పూటలో అంతా సర్దుకునేదే. ఆవిడ చెప్పలేదు. లోనీ కూడా చెప్పలేదు. ఒకసారి హోటల్లో ఎవడో నోరు జారితే, తింటున్న పళ్ళెం పక్కకి తోసి లేచాడు లోనీ. "ఆవిడ గురించి ఇంకో ముక్క మాట్లాడి చూడు," అన్నాడు. ఎందుకంత కోపం అని అడిగితే, "నాకు తెలుసు, నీకు తెలీదు. అంతే," అని కూర్చున్నాడు. పొద్దున్నే దుకాణం తెరిచే వేళకి అప్పుడప్పుడు వచ్చి, పొయ్యిలోకి కట్టెలు కొట్టిపెట్టి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయేవాడు.

వసంతం వచ్చేసరికి చట్టం వీగిపోయింది. కొన్నవాళ్ళ మంచాల కింద తూటాలు పేరుకుని ఉన్నాయి. ఆ ఉరుకులాటంతా ఎవరో కన్న కలలాగా, అందరూ మళ్ళీ వాన గురించీ చేపల గురించీ మాట్లాడుకోవడం మొదలెట్టారు. మొహం తిప్పుకున్నవాళ్ళలో కొందరు తిరిగొచ్చారు. కొందరు రాలేదు.

ఏప్రిల్ చివర్లో, కొండల మీద చెట్లు ఊదారంగు పూలేసిన రోజుల్లో, హోబర్ట్ స్లోన్ వచ్చాడు. బాగా చిక్కిపోయాడు. గుమ్మం దాటి లోపలికి రాలేదు. ఓపల్ చేతిలో అల్లిక పక్కన పెట్టింది గానీ లేవలేదు.

"రీవా ఇంట్లోనే ఉంటున్నాను," అన్నాడాయన.

"తెలుసండీ."

"పొద్దున్నే లేపి పని చెబుతుంది. బంగాళాదుంప మళ్ళు తవ్విస్తోంది. ఈ వేళ్ళతో." వంకర వేళ్ళు చాపి చూపించాడు.

"రీవా అంతే. చిన్నప్పుడు బడిలో నాచేత కూడా పని చేయించేది."

ఆయన నవ్వలేదు. గుమ్మం చెక్క మీద వేలు రాస్తూ నిలబడ్డాడు. "నీమీద కోపం ఇంకా పోలేదు ఓపల్. అబద్ధమెందుకు చెప్పాలి. కొన్నాళ్ళు ఉండదు. మళ్ళీ వస్తుంది. వచ్చినప్పుడు పొద్దున్నంతా నిన్ను తిట్టుకుంటాను."

"తిట్టండి."

"ఈ వారం తక్కువ తిట్టాను."

ఓపల్ లేచి పొయ్యి పక్క కుర్చీ ముందుకి లాగింది. "లోపలికి రండి. కాఫీ పెడతాను."

హోబర్ట్ వెనక్కి తిరిగి రోడ్డు వైపు చూశాడు. రీవా బండి ఇంజను ఆపకుండా కాచుకుని ఉంది. ఆయన చెయ్యి ఊపి, ఆపెయ్యమని సైగ చేసి, లోపలికి వచ్చి కూర్చున్నాడు.